పాత కంప్యూటర్ ఎక్కడ ఆగుతోంది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ పాత కంప్యూటర్ల మీదే. ఏళ్ల కిందటి మెషిన్‌ను పారేయడానికి మనసొప్పక, అలాగని దాంతో వేగలేక చాలామంది రాశారు. అందరికీ కలిపి ముందే ఒక మాట. ఏ భాగమైనా కొనే ముందు, మీ మెషిన్ దేని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటోందో చూడండి. దానికి పైసా ఖర్చు లేదు. అది చూడకుండా కొన్న భాగం ఎంత మంచిదైనా వృథానే.

ప్రశ్న: మాది ఐ5-2400 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ ఉన్న డెస్క్‌టాప్. విండోస్ 10 వాడుతున్నాం. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి ఐదారు నిమిషాలు పడుతోంది. బ్రౌజర్ తెరిస్తే మళ్లీ అంతే. ప్రాసెసర్ పాతబడింది, బోర్డుతో సహా మార్చాలంటున్నారు. మార్చమంటారా? – ఒక ట్యూషన్ మాస్టారు

జవాబు: వద్దండీ. మెషిన్ ఆన్ చేసి డెస్క్‌టాప్ కనిపించగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కు వెళ్లి సీపీయూ, మెమరీ, డిస్క్ గ్రాఫులు చూడండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి సీపీయూ గ్రాఫు ఎక్కడో కింద తిరుగుతుంటుంది, డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర అతుక్కుపోయి ఉంటుంది. అక్కడే రీడ్ స్పీడ్ చూస్తే సెకనుకు 1, 2 ఎంబీ మాత్రమే కనిపించవచ్చు. డిస్క్ పూర్తిగా పనిలో మునిగి ఉండి ఇంత తక్కువ చదవడం ఏమిటని అనుమానం వస్తుంది.

నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. మనకు కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం. హెడ్ ఆ ట్రాక్ మీదికి జరగడానికి ఇంకో 8, 9. అంటే ఒక చిన్న ముక్క చదవడానికి 12, 13 మిల్లీసెకన్లు. సెకనుకు 80 ముక్కలంటే గొప్పే. విండోస్ మొదలయ్యేటప్పుడు అడిగేవి ఎక్కువగా ఇలాంటి చిన్న ముక్కలే, అవీ డిస్క్ నిండా చెల్లాచెదురుగా ఉంటాయి. ముక్కకు 4 కేబీ చొప్పున లెక్కేస్తే సెకనుకు 320 కేబీ. ఎస్‌ఎస్‌డీ అంటే చిప్పుల్లో సమాచారం దాచే డిస్క్. అందులో తిరిగేదీ జరిగేదీ ఏదీ లేదు కాబట్టి మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా ఇలాంటి ముక్కలు సెకనుకు వేలల్లో, ఒకేసారి చాలా అడిగితే పదివేలల్లో అందిస్తుంది.

4 జీబీ ర్యామ్ ఈ బాధను ఇంకా పెంచుతోంది. ర్యామ్ నిండగానే విండోస్ కొంత సరుకును పేజ్ ఫైల్ పేరుతో అదే డిస్క్ మీద పెడుతుంది. అసలే ఊపిరాడని డిస్క్‌కు ఇది అదనపు మోత. బ్రౌజర్ తెరిచినప్పుడు మళ్లీ అంతసేపు ఆగడానికి కారణం ఇదే.

కాబట్టి ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాత ర్యామ్‌ను 8 జీబీకి పెంచడం. ఐ5-2400లో నాలుగు కోర్లు ఉన్నాయి. పాఠాలు, రాతపని, ఆన్‌లైన్ క్లాసులకు అది ఇప్పటికీ చాలు.

ఇంకొక్కటి చూడాలి. డిస్క్ వయసు వల్ల నెమ్మదిగా ఉందా, పాడైపోతూ నెమ్మదించిందా? క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి 05, సీ5, సీ7 అనే వరసలు చూడండి. 05 అంటే పాడైతే పక్కన పెట్టి, బదులు వేరే చోటు కేటాయించిన సెక్టార్లు. సీ5 అంటే చదవడం కుదరక తేలకుండా ఉన్నవి. సీ5 సున్నా కాకపోతే డిస్క్ ఒక్కో సెక్టార్‌ను మళ్లీ మళ్లీ చదవబోయి సెకన్ల తరబడి ఆగిపోతుంది, మనకు అది హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు ఇంకేదీ ముట్టుకోకుండా ముఖ్యమైన ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకోండి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్‌ను అనుమానించకండి, డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. ఆ ప్రోగ్రామ్ చివరి గడిలో అంకెలను మామూలుగా పదహారేసి చొప్పున లెక్కించే హెక్సాడెసిమల్ పద్ధతిలో చూపిస్తుంది. అక్కడ 10 అని ఉంటే 16 అని అర్థం.

ప్రశ్న: 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్నాను. పాత డిస్క్ 500 జీబీ. విండోస్ కొత్తగా వేయాలా, ఉన్నదాన్నే క్లోన్ చేయవచ్చా? బయోస్‌లో (విండోస్‌కన్నా ముందు నడిచే బోర్డు సెట్టింగుల్లో) సాటా మోడ్ ఐడీఈ అని ఉంది. ఏహెచ్‌సీఐకి మారిస్తే బ్లూ స్క్రీన్ వస్తోంది. – అకౌంట్స్ పని చేసే పాఠకురాలు

జవాబు: రెండూ కుదురుతాయి. క్లోన్ అంటే పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి కాపీ చేయడం. ప్రోగ్రాములు తక్కువగా ఉంటే కొత్తగా వేయడమే శుభ్రం. అదే బోర్డు మీద ముందే యాక్టివేట్ అయిన విండోస్ 10 అయితే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రొడక్ట్ కీ లేదు అని ఎంచుకుని పాత ఎడిషన్‌నే వేయండి. ఇంటర్నెట్ కలిపాక సాధారణంగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది, ఎందుకంటే డిజిటల్ లైసెన్స్ ముడిపడి ఉండేది ప్రధానంగా మదర్‌బోర్డుతో. మీరు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు కాబట్టి, దాని లైసెన్స్ మళ్లీ తెచ్చుకోవడం కష్టమైతే క్లోన్ చేయండి.

క్లోన్‌కు ముందు లెక్క సరిచూసుకోవాలి. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో 223 జీబీగా కనిపిస్తుంది. పాత డిస్క్ మీద ఉన్న సరుకు మొత్తం 180 దాటకుండా చూసుకోండి. ఎస్‌ఎస్‌డీని నిండుగా నింపితే రాసే వేగం పడిపోతుంది, ఐదో వంతు ఖాళీగా వదలడం మంచిది. ఫొటోలు, వీడియోలు వేరే డిస్క్‌కు మార్చేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ను కుదించండి. సగం డిస్క్ ఖాళీగా ఉన్నా కొద్దిగానే కుదించనిస్తోందంటే, కదలని ఫైళ్లు మధ్యలో అడ్డున్నాయని అర్థం. హైబర్నేషన్, పేజ్ ఫైల్, సిస్టమ్ ప్రొటెక్షన్ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. డిస్క్‌కు తాళం వేసి ఉంచే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే అన్నిటికన్నా ముందు దాన్ని ఆపాలి.

క్లోన్ చేసేటప్పుడు చాలామంది సీ డ్రైవ్ ఒక్కటే కాపీ చేసి, బూట్ కావడం లేదని తల పట్టుకుంటారు. సీకి ముందున్న సిస్టమ్ రిజర్వ్‌డ్ లేదా ఈఎఫ్ఐ అనే చిన్న పార్టిషన్ కూడా వెళ్లాలి, బూట్ ఫైళ్లు ఉండేది అందులోనే. కాపీ అయ్యాక మెషిన్ ఆపి పాత డిస్క్ కేబుల్ తీసేయండి. మొదటి బూట్ ఎస్‌ఎస్‌డీ ఒక్కదానితోనే జరగాలి. రెండూ కలిపి ఉంచితే విండోస్ ఏ డిస్క్ నుంచి లేచిందో తెలియదు, డ్రైవ్ అక్షరాలు తారుమారై తర్వాత చిక్కులు వస్తాయి. అంతా బాగుందని వారం పది రోజులు వాడి చూశాకే పాత డిస్క్‌ను ఫార్మాట్ కొట్టండి.

కేబుల్ ఏ పోర్టుకు పెట్టాలన్నది బోర్డును బట్టి ఉంటుంది. పీ67, హెచ్67, జడ్68 చిప్‌సెట్లలో (బోర్డు మీద పోర్టులను నడిపే చిప్పుల్లో) సెకనుకు 6 గిగాబిట్ల పోర్టులు రెండే, మిగతావి 3. హెచ్61లో అన్నీ 3 గిగాబిట్లవే. అయినా దిగులు పడకండి. పెద్ద ఫైలు కాపీ చేసినప్పుడు 550 ఎంబీకి బదులు 270, 280 దగ్గర ఆగుతుంది గానీ, రోజువారీ చురుకుదనం ఇచ్చే చిన్న ముక్కల చదువులో పెద్ద తేడా కనపడదు. 2011 జనవరి వరకు తయారైన 6 సిరీస్ చిప్‌సెట్‌లో 3 గిగాబిట్ల పోర్టులు కాలక్రమేణా బలహీనపడే లోపం ఉందని ఇంటెలే ఆ నెలాఖరులో ప్రకటించి, సరిదిద్దిన బీ3 రకం విడుదల చేసింది. మీ బోర్డు అప్పటిదే అయితే 6 గిగాబిట్ల పోర్టులే వాడండి.

ఇక మీ బ్లూ స్క్రీన్. ఐడీఈ, ఏహెచ్‌సీఐ అనేవి బోర్డు డిస్క్‌తో మాట్లాడే పాత, కొత్త పద్ధతులు. ఐడీఈ మోడ్‌లో వేసిన విండోస్, బూట్ అయ్యేటప్పుడు ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను సిద్ధంగా ఉంచుకోదు. మోడ్ మార్చగానే తన డిస్క్ తనకే కనపడక పడిపోతుంది. ముందు బయోస్‌లో మళ్లీ ఐడీఈ పెట్టి విండోస్‌లోకి రండి. విండోస్ మీటతో ఆర్ నొక్కి ఎంఎస్‌కాన్ఫిగ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, మినిమల్ ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. విండోస్ మొదలవకముందే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ చేయండి. సేఫ్ మోడ్‌లో లేచిన విండోస్ కొత్త డ్రైవర్‌ను తానే ఎక్కించుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి సేఫ్ బూట్ టిక్కు తీసేసి రీస్టార్ట్ చేస్తే పని అయిపోయినట్టే. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుంచుకోండి.

ఇంతా చేశాక నెల తిరగకుండానే అదే బ్లూ స్క్రీన్ మళ్లీ వస్తే గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. బయోస్ తన మొదటి సెట్టింగులకు వెళ్లిపోయి సాటా మోడ్‌ను మళ్లీ ఐడీఈ చేసి ఉంటుంది. బిళ్ల మార్చి, మోడ్ సరిచేస్తే చాలు. విండోస్ మళ్లీ వేయనక్కర్లేదు.

ప్రశ్న: ఐ5-3470 మెషిన్‌కు 8 జీబీ డీడీఆర్3 స్టిక్ తెచ్చి పెడితే డిస్‌ప్లే రావడం లేదు. అదే స్టిక్ వేరే మెషిన్‌లో పనిచేస్తోంది. బోర్డు పాడైందా? – ఇంజినీరింగ్ విద్యార్థి

జవాబు: బోర్డు మీద నింద వేయకముందు స్టిక్ చేతిలోకి తీసుకుని నల్లటి చిప్పులు లెక్కపెట్టండి. రెండు వైపులా ఎనిమిదేసి, మొత్తం 16 ఉంటే ఒక్కో చిప్ 4 గిగాబిట్లది. మొత్తం ఎనిమిదే ఉంటే ఒక్కోటి 8 గిగాబిట్లది. ఇంటెల్ నాలుగో తరం వరకు ఉన్న ప్రాసెసర్లలోని మెమరీ కంట్రోలర్‌కు 8 గిగాబిట్ల డీడీఆర్3 చిప్పులు తెలియవు. మీ ఐ5-3470 మూడో తరానిది. ఆ స్టిక్‌లో లోపం లేదు, మీ మెషిన్‌కు కుదరదంతే. లేబుల్ మీద 2ఆర్ఎక్స్8 అని ఉన్నది అడగండి, 1ఆర్ఎక్స్8 అని ఉన్న 8 జీబీ స్టిక్ వద్దు.

చవకగా దొరికే ర్యామ్‌లో ఇంకో రెండు ఉచ్చులున్నాయి. ఏఎండీ బోర్డులకు మాత్రమే అని చిన్న అక్షరాలతో అమ్మేవి ఒకటి. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ రెండోది. అది స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, మామూలు డెస్క్‌టాప్ బోర్డు మాత్రం లేవదు. లాప్‌టాప్‌వాళ్లు వోల్టేజ్ కూడా చూసుకోవాలి. నాలుగో తరం ఇంటెల్ లాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి, 1.5 వోల్టుల పాత స్టిక్ పెడితే చాలావాటిలో తెర నల్లగానే ఉండిపోతుంది.

మీ స్టిక్‌కు 16 చిప్పులే ఉన్నాయంటారా? కరెంటు తీగ పూర్తిగా పీకి, స్టిక్ తీసి, బంగారు రంగు కాళ్లను పొడి బట్టతో తుడిచి, రెండు చివరలా క్లిక్ మనేదాకా నొక్కండి. ఒక చివర అర మిల్లీమీటరు లేచి ఉన్నా డిస్‌ప్లే రాదు. ఈ పని తొందరలో చేసేవాళ్లే ఎక్కువ. మెషిన్ లేచాక మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్ నుంచి నడిపి కనీసం ఒక పాస్ పూర్తి కానివ్వండి. ఒక్క ఎర్రగీత వచ్చినా ఆ స్టిక్ తిరిగిచ్చేయండి.

8 జీబీ ఒకే స్టిక్‌గా కన్నా 4 జీబీవి రెండుగా, రెండు చానళ్లలో పెట్టడం మేలు. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని మెషిన్లలో తేడా బాగా తెలుస్తుంది, గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్ దారినే వాడుకుంటుంది కాబట్టి. మీరు వాడేది 32 బిట్ విండోస్ అయితే ఎంత ర్యామ్ పెట్టినా అది వాడుకునేది 4 జీబీలోపే. ముందు 64 బిట్‌కు మారండి.

ప్రశ్న: ర్యామ్ బూస్టర్, రిజిస్ట్రీ క్లీనర్ లాంటివి వేస్తే వేగం పెరుగుతుందా?

జవాబు: పెరగదు. ర్యామ్ బూస్టర్ చేసేది ప్రోగ్రాముల సరుకును ర్యామ్ నుంచి డిస్క్ మీదికి తోసేయడం. ఖాళీ అంకె పెద్దదిగా కనిపిస్తుంది, మీరు ఆ ప్రోగ్రామ్ దగ్గరికి తిరిగి రాగానే అంతా మళ్లీ డిస్క్ నుంచి రావాలి. రిజిస్ట్రీలో కొన్ని వందల అనవసరపు వరసలు తీసేసినా వేగంలో తేడా ఉండదు. పొరపాటున అవసరమైనది పోతే మాత్రం నష్టం పెద్దది. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ తెరిచి అక్కర్లేనివి డిజేబుల్ చేయండి, రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. ఆ రెండు పనులకూ ఫలితం ఉంటుంది.

ప్రశ్న: ఐదేళ్ల నాటి లాప్‌టాప్ ఉన్నట్టుండి విపరీతంగా నెమ్మదించింది. ఎస్‌ఎస్‌డీ ఉంది, 8 జీబీ ర్యామ్ ఉంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వేగం 0.79 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటోంది. ఫార్మాట్ కొట్టినా మారలేదు. – ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: ఆ అంకె రాసి మంచి పని చేశారు. పని పడినా వేగం అక్కడే నిలిచిపోయిందంటే ప్రాసెసర్‌ను ఏదో కావాలని పట్టి ఉంచుతోందన్నమాట. ముందు చార్జర్ పీకి, బ్యాటరీ మీద నడిపి చూడండి. వేగం పెరిగితే తప్పు చార్జర్‌ది. కొన్ని కంపెనీల చార్జర్లలో పిన్ను మధ్య సన్నటి సూదిలాంటి కాలు ఉంటుంది. తానెన్ని వాట్ల చార్జరో లాప్‌టాప్‌కు చెప్పేది అదే. ఆ తీగ తెగినా, వేరే కంపెనీ చార్జర్ పెట్టినా లాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టదు. బ్యాటరీ చార్జ్ చేయడం మానేసి, ప్రాసెసర్‌ను కనీస వేగానికి దించేస్తుంది. సరైన చార్జర్ పెట్టగానే మామూలవుతుంది.

బ్యాటరీ మీద కూడా అంతే ఉంటే వేడి వైపు చూడాలి. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకు వెళ్తే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. వెనక మూత తీస్తే ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య దుమ్ము దళసరి గుడ్డలా అల్లుకుని ఉండవచ్చు. బయటి నుంచి గాలి ఊదితే అది ఇంకా లోపలికే వెళ్తుంది. ఫ్యాన్ విప్పి ఆ పొరను చేత్తో తీసేయాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోండి, అదుపు లేకుండా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ తీసినప్పుడు ఎండిన థర్మల్ పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పలచగా పూయండి. స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని అంకెలుంటాయి. ఆ వరసలోనే, కొద్దికొద్దిగా బిగించండి.

ప్రశ్న: నా దగ్గర రెండు మెషిన్లున్నాయి. ఒకటి హెచ్61 బోర్డు మీద ఐ3-2100. రెండోది బీ350 బోర్డు మీద రైజెన్ 5 1600. రెండింట్లోనూ ఎస్‌ఎస్‌డీలున్నాయి. ప్రాసెసర్లు మార్చడం దండగా? – ఫొటో స్టూడియో నడిపే పాఠకుడు

జవాబు: డిస్క్ నిశ్శబ్దంగా ఉండి సీపీయూ గ్రాఫు 100 దగ్గర నిలబడుతుంటే ప్రాసెసర్ మార్చడానికి అర్థముంది. ఫొటోలు ఎగుమతి చేసేటప్పుడు మీకు అదే కనిపిస్తుంటుంది.

ఐ3-2100లో రెండు కోర్లే, టర్బో లేదు. అదే ఎల్‌జీఏ 1155 సాకెట్‌లో ఐ5-3470 నాలుగు కోర్లతో 3.6 గిగాహెర్ట్జ్ దాకా, ఐ7-3770 నాలుగు కోర్లు ఎనిమిది త్రెడ్లతో 3.9 దాకా వెళ్తుంది. రెండూ 77 వాట్లవి. రెండో తరం ఐ7-2600 తీసుకుంటే 95 వాట్లు. చిన్న హెచ్61 బోర్డులకు, ఐ3తో వచ్చిన పలచటి ఫ్యాన్‌కు 77 వాట్లే నయం. కానీ మూడో తరం ప్రాసెసర్‌కు కొత్త బయోస్ ఉండాలి. పాత ఐ3 సాకెట్‌లో ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి, ముందే పీకేస్తే తెర నల్లగా ఉంటుంది. బోర్డు కంపెనీ సైట్‌లోని సీపీయూ పట్టికలో ఆ పేరు కనపడకపోతే కొనకండి. కే అక్షరం ఉన్న ప్రాసెసర్‌కు ఎక్కువ పెట్టడం అనవసరం, హెచ్61 మీద ఓవర్‌క్లాక్ చేయలేరు (నిర్ణీత వేగానికి మించి నడపలేరు). సాకెట్‌లోని పిన్నులను వేలితో తాకవద్దు. ఫ్యాన్ నాలుగు కాళ్లనూ ఎదురెదురుగా నొక్కి, బోర్డు వెనక నుంచి నాలుగూ బయటికి వచ్చాయో లేదో కళ్లతో చూడండి. ఒక కాలు పట్టకపోయినా ప్రాసెసర్ మరిగిపోతుంది.

అయినా ఈ మెషిన్ మీద ఎక్కువ పెట్టమని చెప్పను. దొరికేదంతా సెకండ్‌హ్యాండే, ఆపైన ఆ సాకెట్‌కు ఇక దారి లేదు.

రెండో మెషిన్ సంగతి వేరు. 2017లో వచ్చిన ఏఎం4 బోర్డులకు రైజెన్ 5000 ప్రాసెసర్లను ఏఎండీ 2022లో అనుమతించింది. రైజెన్ 5 5600 కూడా మీ 1600 లాగే ఆరు కోర్లు, 65 వాట్లే. కోర్ కోర్‌కూ పోలిస్తే మాత్రం ఎంతో వేగం. ఎనిమిది కోర్లు కావాలంటే 5700ఎక్స్ కూడా 65 వాట్లదే. పాత మెషిన్లున్న పాఠకులకు చెప్పదగ్గ అప్‌గ్రేడ్లలో ఇంత గిట్టుబాటైనది ఇంకొకటి లేదు. విండోస్ 11 జాబితాలో 1600 లేదు, 5600 ఉంది. అది ఇంకో లాభం. బీ350 బయోస్ కొన్నిసార్లు ఒకేసారి చివరి వెర్షన్‌కు వెళ్లనివ్వదు, మధ్యలో ఒక మెట్టు వెర్షన్ ఎక్కించమంటుంది. బోర్డు పేజీలో ఆ గమనిక చదివాకే మొదలుపెట్టండి, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోకుండా చూసుకోండి.

ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్ట్ వల్ల హీట్‌సింక్ లాగగానే ప్రాసెసర్ కూడా అతుక్కుని సాకెట్‌లోంచి ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. విప్పే ముందు పది నిమిషాలు బరువైన పని నడిపి వేడెక్కించి, ఆపేసి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెలితిప్పి అప్పుడు పైకి తీయండి.

ప్రశ్న: ఆఫీసుల్లో వాడే సన్నటి డెస్క్‌టాప్, నాలుగో తరం ఐ5. ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) 240 వాట్లు. యూట్యూబ్‌లో వీడియోలు ఆగి ఆగి వస్తున్నాయి. ఏ గ్రాఫిక్స్ కార్డు వేయమంటారు?

జవాబు: కార్డు కొనకముందు ఒక పరీక్ష చేయండి. వీడియో మీద కుడి క్లిక్ చేసి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ తెరవండి. వీడియోను కుదించిన పద్ధతిని చెప్పే కోడెక్స్ వరసలో వీపీ09 లేదా ఏవీ01 అని ఉంటే కారణం దొరికినట్టే. నాలుగో తరం ఐ5లోని గ్రాఫిక్స్‌కు ఆ రెండింటినీ పూర్తిగా విప్పే విద్య లేదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. బ్రౌజర్‌లో హెచ్264ఐఫై అనే ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ హెచ్.264 వీడియో పంపుతుంది, దాన్ని మీ గ్రాఫిక్స్ సునాయాసంగా విప్పుతుంది. 1080పీకి మించి రాదు. పైసా ఖర్చు లేకుండా మీ సమస్య ఇక్కడితో తీరవచ్చు.

కార్డే కావాలంటే: స్లాట్ ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. కొన్ని సన్నటి పెట్టెల్లో తయారీదారు అంతకన్నా తక్కువకే కట్టడి చేస్తారు, మాన్యువల్‌లో చూడండి. కార్డు సగం ఎత్తుది కావాలి, పొట్టి బ్రాకెట్ కూడా వెంట ఉండాలి. జీటీ 1030 దాదాపు 30 వాట్లతో వీపీ9 విప్పుతుంది, కానీ డీడీఆర్4 మెమరీతో వచ్చే జీటీ 1030 వద్దు. పేరు అదే, మెమరీ వేగం జీడీడీఆర్5 దాంట్లో మూడో వంతు. ఆర్ఎక్స్ 6400 ఆటలకు ఇంకా బలమైనదే అయినా అది స్లాట్‌లోని నాలుగు లేన్లతోనే (డేటా దారులతోనే) పనిచేస్తుంది. మీ మెషిన్‌లోని పీసీఐఈ 3 స్లాట్‌లో కొంత వేగం పోతుంది, వీడియో ఎన్‌కోడర్ కూడా అందులో లేదు. ఇంటెల్ ఆర్క్ కార్డులకు రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉండాలి. మీ తరం బోర్డులలో అది మామూలుగా దొరకదు.

ప్రశ్న: కోర్ 2 డుయో మెషిన్, 4 జీబీ డీడీఆర్2 ర్యామ్. పేపర్లు చదవడం, మెయిల్ చూడటం, అంతే నా వాడకం. విండోస్ 10కి మద్దతు పోయింది కదా, 11 వేయించమంటారా? – ఒక విశ్రాంత ఉద్యోగి

జవాబు: మీ మెషిన్‌కు 11 పడదండీ. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్, ఎనిమిదో తరం ఇంటెల్ లేదా ఆ కాలపు ఏఎండీ ప్రాసెసర్ అడుగుతారు. తనిఖీలు తప్పించి ఎక్కించే అడ్డదారులు మీకు ఎవరైనా చెప్పవచ్చు. కానీ 24హెచ్2 వెర్షన్ నుంచి పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ4.2 అనే ఆదేశాలను పాటించే శక్తి ప్రాసెసర్‌లో లేకపోతే విండోస్ బూటే కాదు. కోర్ 2 డుయోలో అవి లేవు.

మీ వాడకానికి లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ సరిపోతుంది. కనీసం 2 జీబీ ర్యామ్ అడుగుతుంది, 4 ఉంటే హాయి. పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, డిస్క్‌లో ఏమీ మార్చకుండా అందులోంచే నడిపి చూడండి. ధ్వని, వైఫై, ప్రింటర్, తెలుగు టైపింగ్ అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే ఇన్‌స్టాల్ నొక్కండి. అంతకుముందే మీ ఫొటోలు, కాగితాలు వేరే డిస్క్‌లో భద్రం చేసుకోండి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొత్తం డిస్క్ చెరిపేసే ఎంపిక ముందే టిక్కయి ఉండవచ్చు.

ఈ మెషిన్‌కు డీడీఆర్2 ర్యామ్ గానీ, పాత కోర్ 2 క్వాడ్ ప్రాసెసర్ గానీ కొనకండి. ఆ రెండూ వేరే ఏ కొత్త మెషిన్‌లోనూ ఇమడవు. కొనదలచుకుంటే ఒక్క చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ కొనండి. రేపు ఈ కంప్యూటర్ మూలపడినా దాన్ని తీసి తర్వాతి మెషిన్‌లో పెట్టుకోవచ్చు, లేదంటే యూఎస్‌బీ డబ్బాలో వేసి బ్యాకప్‌కు వాడుకోవచ్చు.